వెనక పేజీల్లో మార్కులు

పొద్దున్న ఐదున్నరకి బండి తీస్తాను.
అశోక్ నగర్ నుంచి మాంబళం దాకా
పరగడుపున ఉన్న చేతుల్లో నరం వెతకడం నా పని.
రక్తం రెండు గొట్టాలు, మూత్రం ఒక డబ్బా.
డబ్బా మీద పేరు, వయసు, వేళ.
పెద్దవాళ్ళు తల వంచుకుని ఇస్తారు
నేను శుభలేఖ అందుకున్నట్టు అందుకుంటాను.

పదింటికి నా పెట్టె నిండా అందరిదీ ఉంటుంది
నాది మాత్రం నాలోనే ఉంటుంది.

ఏ ఇంట్లోనూ బాత్రూమ్ అడగకూడదు, కంపెనీ రూలు.
బాగా నీళ్ళు తాగండి అని మాత్రం అందరికీ చెప్పాలి.
నా సీసా సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటుంది.

అందుకే రిజిస్టరు వెనక పేజీల్లో ఈ లెక్క.

వందడుగుల రోడ్డు, పెట్రోలు బంకు:
తాళంచెవి పోకుండా కొబ్బరిచిప్ప కట్టారు.
అది ఊపుకుంటూ లారీల మధ్య నడవాలి
ఎక్కడికి పోతున్నానో దండోరా వేసుకుంటూ.
గడియ లేదు. ఒక కాలు నేలకి, ఒక కాలు తలుపుకి.
మూడు. నీళ్ళొస్తాయి కనక మూడున్నర.

నగల కొట్టు: అగరొత్తు, నిలువుటద్దం, మెత్తటి కాగితం.
"ఏం చూస్తారు మేడమ్?"
ముక్కుపుడకలు చూస్తాను, ఇరవై నిమిషాలు,
మోకాళ్ళు దగ్గరికి బిగించుకుని.
ఎనిమిది. అబద్ధానికి రెండు కోత.

టిఫిన్ హోటలు: కాఫీ తాగితేనే తాళం.
ఆ కాఫీయే గంటకల్లా నన్ను మళ్ళీ అక్కడికి తోలుకొస్తుంది.
వ్యాపారం తెలిసిన మనిషి. ఐదు.

బ్యాంకు: స్టాఫుకి మాత్రమే.
నా డబ్బు లోపలికి పోవచ్చు, నేను పోకూడదు.
సున్నా. దాని చుట్టూ ఇంకో సున్నా.

పాత పేపర్ల కొట్టు ఖలీలుల్లా భాయ్ దొడ్డి:
రేకు తలుపు, పగిలిన మగ్గు.
నేను లోపలికెళ్ళగానే ఆయన
అటు తిరిగి రేడియో సౌండు పెంచుతాడు.
ఏడు. ఆ ఏడూ రేడియోకే.

తలుపు వెనక మేకు ఉంటే ఎక్కడైనా ఒక మార్కు ఎక్కువ.
ఆ నాలుగు రోజుల్లో సంచీ నోటకరుచుకుని
నిలబడినవాళ్ళకి తెలుస్తుంది మేకు విలువ.

తొమ్మిదిన్నర ఒక్కదానికే వేశాను, వడపళని మాల్.
చేతులు కడుక్కుంటూ ఫోన్లో మాట్లాడుతుంటే
"మనోళ్ళేనా?" అంది తుడుస్తున్నావిడ.
పేరు అంకమ్మ. తాతలెప్పుడో ఒంగోలు దిక్కునించి వచ్చారట,
"నేను చూళ్ళా ఆ ఊరు."

బయట గోడకి మూడు మొహాల మీటలు:
నవ్వేది, ఊరుకునేది, ఏడ్చేది.
"ఆ ఏడుపుది ఎవరన్నా నొక్కితే సూపరైజరు ఫోను మోగుద్ది.
వారంలో ఏడు మోగితే నాకు సగం రోజు జీతం పోద్ది."

నువ్వేం చేస్తావు మరి, నీకొచ్చినప్పుడు?

"ఇది కస్టమర్లది గదమ్మా.
కింద బండ్లు పెట్టే కాడికి దిగాల."

ఆ మధ్యాహ్నం నేనూ దిగాను, రెండు అంతస్తులు.
బల్బు లేదు. పైనెక్కడో పైపు కారుతోంది.
ఫోను వెలుతురులో తలుపు వెనక
మేకు.
వంకరగా, కొత్తగా, రాయితో కొట్టిందిలాగుంది.
దానికి అన్నం క్యారేజీ వేలాడుతోంది.

రిజిస్టరు తీశాను.
గోడకి వెయ్యాలా, మేకుకి వెయ్యాలా,
మేకు కొట్టిన చేతికి వెయ్యాలా తేలలేదు.
పైన తొమ్మిదిన్నర కొట్టేశాను.
కొట్టేస్తే కోత ఎవరికి పడుతుందో గుర్తొచ్చి
మళ్ళీ వేశాను.

పైకొచ్చి నవ్వే మొహం నొక్కాను.
మళ్ళీ నొక్కాను.
పదకొండోసారికి వెనకున్న కాలేజీ పిల్ల అడిగింది:
"అక్కా, పనిచెయ్యట్లేదా అది?"