దుబాసి

స్టోర్నోవే రేవు పక్క దుకాణంలో
టోర్క్విల్ అడిగాడు:
"మోడెం లోపలే ఉన్న రౌటరా, లేనిదా?"
ఇష్‌బెల్ దగ్గర జవాబు లేదు.
ఉన్ని నూగంటిన కోటు జేబులో
తొంభై పౌండ్లున్నాయి, అంతే.

"గోడలోకొచ్చేది రాగి తీగా, గాజు పోగా?
రాగైతే దాని యాస విప్పిచెప్పే దుబాసి కావాలి.
గాజైతే కంపెనీవాడే ఒకణ్ణి కూర్చోబెట్టి పోతాడు.
రౌటర్ వట్టి వడ్డించేవాడు."

"మరి కడబంతికి అందుతుందా?
నా మగ్గం పెరటి కొట్టంలో ఉంది."

ఇంటికెళ్ళి బీరువా జరిపింది.
వెనక బూజులో తెల్లటి పెట్టె,
ఒంటి పచ్చకన్ను,
వినేవాళ్ళు లేకపోయినా
ఏదో చెబుతూనే ఉంది.

ఫోను తీసింది:
"దుబాసి ఉన్నాడు, టోర్క్విల్.
చేతులు పొడుగైనవాణ్ణి
ఒక్కణ్ణి పంపు."