జీర

నాలుగు తీగల గిటారు నాది.
అది మోగుతోందని పెళ్లి రిసెప్షన్లలో ఎవరికీ తెలియదు,
ఆపితే మాత్రం
మెట్టు తప్పినట్టు తలలెత్తి చూస్తారు.
చిలకలగూడ చర్చిలో పన్నెండేళ్లు
కాయిర్ వెనక, చెక్క గోడకు ఆనుకుని
బుద్ధిగా వాయించాను.
ఇప్పుడు దాని గొంతు కాస్త చెడగొట్టాలనుంది.
జీర కావాలి.
బోనాలకు మూడు రోజులు అరిచినవాడు
మర్నాడు పాల ప్యాకెట్ అడిగే గొంతులో
ఉంటుందే, ఆ జీర.

చెడగొట్టడం తేలికనుకున్నాను.

కొన్న పెడల్ తొక్కితే
అగ్గిపెట్టెలో ఇరుక్కున్న కందిరీగ.
డ్రమ్ముల వెనక నుంచి బెనహర్ అరిచాడు:
"ఉన్నవా, పోయినవా?"
నిజమే. పైన గరగర మిగిలింది,
కింద నేల లేదు.

కోఠీ, గుజరాతీ గల్లీ, మెట్ల కింద రెండు గజాల దుకాణం.
గుగ్గిలం వాసన వేసే పొగలోంచి
షరీఫుద్దీన్ సాబ్ అద్దాలు పైకి తోసి చూశాడు.
"నలభై ఏండ్ల సంది రేడియోలల్ల గరగర తీసేసుడే నా పని.
నువ్వు పెట్టియ్యమంటున్నవ్!"
నవ్వి, చచ్చిన ట్రాన్సిస్టర్ రేడియో పొట్ట విప్పి
రెండు జెర్మేనియం గింజలు ఏరిచ్చాడు,
సీతాఫలం గింజలంత, నల్లగా.
"వీటికి ఎండ పడదు బేటా, జర పైలం."

అది మే నెల. సీతాఫల్‌మండిలో మా రేకుల గది.
తెల్లవారి ఐదింటికి, మొదటి లోకల్ బండి రాకముందు,
ఒక్క దెబ్బకి తీగ గొంతు విప్పింది.
మీగడ చిరిగినట్టు, ముతక దుప్పటి లాగినట్టు.
పదకొండింటికి అదే తీగ
దగ్గి దగ్గి మాట మింగేసింది.
పెడల్ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టాను, దోసెపిండి పక్కన.
పెరుగు కోసం తలుపు తీసిన అక్క ఏమీ అనలేదు.
సాయంత్రం చూస్తే
తడి తగలకుండా దానికి కవర్ చుట్టి ఉంది.

చల్లబడ్డాక కూడా, బెనహర్ వాయించడం మొదలుపెడితే
మళ్లీ అదే. నేల లేదు.

ఆ మధ్యాహ్నం సందులోకి ట్రాలీ ఆటో వచ్చింది.
"పాత కూలర్లు, ఖరాబైన ఫ్రిజ్‌లు, ఇరిగిన కుర్చీలు కొంటాం..."
చిరిగిన మైకు. ప్రతి మాటకీ అంచులు పీలికలు.
నేను ఇన్నాళ్లు వెతికిందే అది!
పెడల్ ఉన్న ఫ్రిజ్ వైపు చూసి నవ్వుకుంటూ
కిటికీ ఊచ పట్టుకుంటే
ఊచ వణుకుతోంది.
మైకుకి కాదు.
మైకు కింద, ఎవరూ పట్టించుకోని డీజిల్ ఇంజను,
ఏ చిరుగూ లేకుండా, తన మానాన తాను
దడ దడ దడ.

పరుగున కోఠీకి.
కరెంటు బిల్లు వెనక సాబ్ గీత గీశాడు.
ఒక తీగ శబ్దం రెండు పాయలు.
ఒక పాయ జెర్మేనియం గుండా చిరిగి రావాలి,
ఇంకోటి చెయ్యి తగలకుండా రావాలి,
చివర్లో జడలా కలవాలి.
"ఏది ఎంతో నీ చెవి చెప్తది, నాకెర్క లేదు."
కొత్త బ్యాటరీ పెట్టబోతే చేయి పట్టుకున్నాడు.
తన మీటరు వెనక మూత తీసి
సగం చచ్చిన తొమ్మిది వోల్టులది ఇచ్చాడు.
"అలిసింది పెట్టు."

అడుగు తీగ మీటాను.
అల్మారాలో మరల డబ్బాలు కదిలాయి.
పక్క దుకాణం కుర్రాడు ఛార్జర్ చేత్తోనే పట్టుకుని
గడపలో నిలబడిపోయాడు.
సాబ్ మాత్రం కళ్లు మూసుకున్నాడు,
మెచ్చుకున్నాడో, తల నొప్పెట్టిందో.

ఆదివారం బెనహర్ ఏమీ అరవలేదు.
కొంచెం గట్టిగా కొట్టాడు, అంతే.
మూడో పాట మధ్యలో
నా గొంతు సన్నగా, సన్నగా, అణిగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఫోను:
"దుకాణంకి వచ్చేటప్పుడు కొత్త బ్యాటరీ తే బేటా.
ఆ పాతది నువ్వే ఉంచుకో.
అదున్నన్ని రోజులు నా మీటరు
ఎన్ని అబద్ధాలు చెప్పిందో, ఇయ్యాల దొరికింది."