దిద్దుబాటు

మంగళవారం నలభై తొమ్మిదిన్నర.
శుక్రవారానికి నలభై ఎనిమిది కూడా లేను.
అడయారు ఆసుపత్రి నేలమాళిగలో
తూకం అంకెలు నన్ను చూసి కాసేపు తడబడి ఆగుతాయి,
నర్సు చీటీ మీద రాసుకుంటుంది,
ఏమీ అనదు.

లోపల మీట నొక్కేవాడు మునిరత్నం.
పాత వణ్ణారపేట తెలుగు బడి,
మూడో బెంచీ, జేబు కింద ఎప్పుడూ సిరా మరక.
ఇప్పుడు మెడలో బ్యాడ్జి, చేతిలో నా ఫైలు.
"భయమెందుకు మిస్,
ఎలక్ట్రాన్లే కదా, మీరు చెప్పినవే."

నేను చెప్పినవే.
ముప్పై ఏళ్ళు, ప్లస్ టూ పిల్లలకి,
వర్గమూలం గీత చెయ్యి చాపినంత పొడుగు గీసి
రాసుకోండి:
వేగం పెరిగేకొద్దీ ద్రవ్యరాశి పెరుగును.
పెరుగును, అని సుద్దముక్కతో బల్లని కొట్టేదాన్ని.
రెండు మార్కుల ప్రశ్న.
కోటీశ్వరి అనే పిల్ల ఓసారి లేచి
"తినకుండానే లావెక్కుతుందా మిస్?" అంది.
క్లాసు క్లాసంతా నవ్వింది.
నేనూ నవ్వి, కూర్చోమన్నాను.

నిన్న మిషను మొరాయించింది.
బాగుచేసే మనిషి గిండీ నుంచి రావాలి.
మునిరత్నం వచ్చి పక్కన కూర్చున్నాడు,
చెప్పు అంచుతో నేల గీకుతూ నసిగాడు:
"మిస్, అది పెరగదు."
ఏది?
"ద్రవ్యరాశి.
నిలబడ్డా పరిగెత్తినా దానిది దానికి అంతే.
ఈ గొట్టంలో మొదటి బెత్తెడులోనే
ఎలక్ట్రాను కాంతికి దగ్గరదగ్గరగా వచ్చేస్తుంది,
ఆపైన ఎంత తోసినా వేగం పెద్దగా కదలదు,
తోసిందంతా శక్తిలోకి, ద్రవ్యవేగంలోకి పోతుంది.
తోసేవాడికి అది బరువెక్కినట్టు ఉంటుంది.
ఆ 'ఉన్నట్టు'ని పాత పుస్తకాలు
ద్రవ్యరాశి ఖాతాలో రాసేశాయి.
లెక్క తప్పు కాదు మిస్, పేరే..."
ఆగిపోయాడు,
తక్కువ మార్కుల పేపరు చేతికిస్తూ
ఒకప్పుడు నేను ఆగినట్టే.

కోపం రాలేదు.
ఏడాదికి నలభై లెక్కన పన్నెండొందల నోటు పుస్తకాలు
పాత పేపర్ల కొట్లకి కిలోల్లో ఎప్పుడో వెళ్ళిపోయాయి.
ఎవర్ని పిలిచి ఏం కొట్టేయమనను?
కోటీశ్వరి ఒక్కతి దొరికితే బావుండు.
ఆ పిల్లని నిలబడనివ్వాల్సింది.

ఇవాళ మిషను బాగైంది.
గోడలోంచి గొంతు, "అసైయాదీంగమ్మా."
కదల్లేదు.
తల మీద ఆ పెద్ద ఇనుప మెడ తిరుగుతుంటే
లోపల దేన్నో ఎవరో తోస్తున్న గుర్రు,
పళ్ళలో తగిలింది.

బయటికొచ్చి తూకం ఎక్కలేదు.
మునిరత్నం జేబులో పెన్ను లాక్కుని
ఫైలు వెనక వర్గమూలం గీశాను.
చెయ్యి వణికి గీత పొట్టిదైంది.
పైన ద్రవ్యరాశి, మారనిదాన్ని, అలాగే ఉంచి
ఎడమవైపు కొత్తగా శక్తి అని రాశాను.
"ఎన్ని మార్కులురా?"
వాడు కళ్ళజోడు పైకి తోసుకుని
చాలాసేపు చూశాడు.
"ఒకటిన్నర మిస్.
కాంతి వేగం వర్గం
పైన రాయడం మర్చిపోయారు."