ఎడమకే

పరవాడ దాటాక రోడ్డు బూడిదరంగు అవుతుంది.
కరెంటు ఫ్యాక్టరీ బూడిద పోసి గట్టిచేసిన నేల మీద
కోడిగుడ్డు ఆకారంలో తారు.
ఏడాదికి ఒక్క ఆదివారం ఇక్కడ
పాతబండ్ల పందెం.
అనకాపల్లి నుంచీ చోడవరం నుంచీ
లారీలెక్కి వస్తారు జనం.

మనిషికి నూటయాభై, గొడుగు లోపలికి కుదరదు
అన్నాడు గేటు కుర్రాడు.
గొడుగు వాడి చేతికిచ్చి లోపలికెళ్లాను.

పందెం కోసం కాదు నేనొచ్చింది.
పదిహేడో నంబరు కోసం.

కంచరపాలెం పాతసామాన్ల కొట్లో అమ్మేశాం దాన్ని,
నాన్నకి చూపు పోయిన ఏడు.
తెల్ల అంబాసిడర్.
ఇరవై రెండేళ్లు స్టేషన్నించి అరకు, అరకునించి స్టేషను.
కొట్టువాడు తూకం కూడా వెయ్యలేదు.
నాన్న బానెట్ మీద చెయ్యి పెట్టి
‘ఇంకా వేడిగానే ఉందే’ అన్నాడు.
నెల్లాళ్లుగా కదలని బండి.
ఎండకి.

నా పక్క సీట్లో గవరయ్య,
పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి.
కుడిజేబులో యాభై వేరుశనగ గింజలు,
చుట్టుకొకటి ఎడమజేబులోకి.
‘బోర్డు అబద్ధమాడుద్దమ్మా, పల్లీ ఆడదు.’
మూడో చుట్టుకే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

జెండా ఊపగానే
ఇరవై ఆరు బండ్లు గొంతు చించుకున్నాయి.
చప్పుడు ముందు నా పళ్లలోకి వచ్చింది,
చెవుల్లోకి తర్వాత.

అదిగో.
పసుపు పూశారు. అద్దాల్లేవు.
తలుపులు వెల్డింగు పెట్టి మూసేశారు.
జ్వరమొస్తే నన్ను పడుకోబెట్టి
కేజీహెచ్‌కి తీసుకెళ్లిన వెనకసీటు లేదు.
ఇనుపగొట్టాల పంజరం,
అందులో కోరాడ దేముడు,
తెల్లారితే పాలవ్యాను తోలే కుర్రాడు.
పసుపు కింద, ఎడమ తలుపు మీద
టైడా మలుపులో గేదె పెట్టిన సొట్ట.
దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఘాట్‌లో కుడికీ ఎడమకీ
టూరిస్టులకి వాంతులొచ్చేలా తిరిగిన బండి
ఇక్కడ ఎడమకే, ఎడమకే, మళ్లీ ఎడమకే.
గానుగెద్దులా అనబోయి ఆగాను.
గానుగెద్దుకి ఇంత తొందరుండదు.

ముప్ఫై తొమ్మిదో పల్లీ దగ్గర పొగ.
పక్కకి దిగి నిలిచిపోయింది.
అయ్యో అనలేదు జనం,
చూపులు వేరే బండి మీదకి మార్చుకున్నారంతే.
‘పోన్లే, బాగానే లాగింది’ అని
గవరయ్య మురీమిక్చర్ పొట్లం నా వైపు చాచాడు.
నిమ్మకాయ ఎక్కువ పిండారు.
కళ్లలో నీళ్లు దానికే అనుకోండి.

అంతా అయ్యాక పది రూపాయలిస్తే
ట్రాక్ మీదికి పోనిస్తారు.
చెప్పులు విప్పాను ఎందుకో,
అరికాళ్లు చుర్రుమంటే మళ్లీ తొడిగాను.
దూరానికి చదునుగా కనిపించిన మలుపు
దగ్గరికెళ్తే గోడలా లేచి ఉంది.
నిలబడితే ఒక కాలు పొట్టిదైపోయింది.
‘ఇక్కడ మెల్లగా పోతేనే జారిపోతామక్కా’
అన్నాడు దేముడు, చేతులు గ్రీజు తుడుచుకుంటూ.
ఘాట్‌లో ముప్ఫై దాటని మనిషి కూతుర్ని,
తలూపాను.

సీటు పీకినప్పుడు దొరికినవంటూ
సిగరెట్ పెట్టె తెరిచాడు.
రెండ్రూపాయల బిళ్ల, రాయి పోయిన ముక్కుపుడక,
నాలుగు మడతల ఇంటర్ హాల్‌టికెట్.
‘మీవేనా?’
కావు. ఎక్కి దిగినవాళ్లవి.
హాల్‌టికెట్ మీద ఫోటో చెరిగిపోయి
జడ ఒక్కటే మిగిలింది.
ఆ అమ్మాయి పరీక్ష రాసిందో లేదో.

రాత్రి నాన్న గెలుపూ ఓటమీ అడగలేదు.
‘హారను బాగా పలుకుతోందా?’
పీకేశారు నాన్నా.
‘మరి మలుపులో?’
ఎదురెవరూ రారు నాన్నా అక్కడ.

చాలాసేపు ఊరుకున్నాడు.
కుడిపాదం చాప మీద కొంచెం కదిలింది.
తర్వాత అన్నాడు,
మేకుకి గొడుగు తగిలించిన చప్పుడు రాలేదేంటే,
ఎక్కడ మర్చిపోయావు?