ఐదో ఎముక

సొహార్‌ల రాత్రి పదకొండు దాటినా వేడి దిగదు.
సముద్రం మీది ఉక్క అద్దాలకు అంటుకొని
బయటి దిక్కు కారుతుంటది.
లోపల లైబ్రరీల మాత్రం చలి.
డాక్టరు చదివే పిల్లలు స్వెట్టర్లేసుకొని కూసుంటరు,
మాపు బకెట్టు తోసుకుంట
నేను వాళ్ల కాళ్ల నడుమ తిరుగుత.

మొఖాలు జూసే పని నాది కాదు.
బల్ల కింద జూసి చెప్త, ఎవరెట్ల చదువుతరో.
కిటికీ పక్క కొరికిన గోర్లుంటే, అది బుసైనా బల్ల.
ఏడు రంగుల పెన్నులతోని గీతలు గీస్తది,
గీత పడని లైను పుస్తకంల ఒక్కటుండదు.
అన్నీ ముఖ్యమే అయినంక
దేన్ని పట్టుకోవాలె, దేన్ని ఇడవాలె?
మూలకు చాయి కప్పులు ఒకదాంట్ల ఒకటి, నిన్న పదకొండు.
ఆ సూడాన్ పిల్లగాడు పరీక్ష ముందటి మూడు రాత్రులే చదువుతడు,
మిగిలిన నెలంతా అందరినీ నవ్విస్తడు.
ఇంకొకామె బాత్రూంల నల్లా ఇప్పి కక్కుకుంటది,
ఎవరికీ వినబడొద్దని.
నాకెరుకే. కడిగేది నేనే.

ముంధిర్ కూసోడు.
అరల నడుమ నడుస్తడు,
ఎక్కాలు అప్పజెప్పినట్టు గొణుగుతడు:
స్కేఫాయిడ్, ల్యూనేట్, ట్రైక్వెట్రల్, పిసిఫార్మ్...
ఆడ ఆగుతడు.
జేబుల చీటి తీసి మిగిలినయి గట్టిగ చదువుతడు,
చీటి మడిచి మళ్ల మొదలువెడ్తడు.
మళ్ల ఆన్నే ఆగుతడు.
మూడు వారాలు ఇదే నడక.

అవి దేని పేర్లో నాకు తెల్వది.
మెట్‌పల్లిల మా ఎల్లుబాయి బీడీలు చేసుకుంట
సీరియల్ జూస్తది, ఫోన్ల నన్ను తిడ్తది,
వేళ్లు మాత్రం ఇరువై ఐదు కాంగనే ఆగి
కట్ట కట్టుకుంటయి.
చేతికొచ్చిన లెక్క తలకు బరువు గాదు.
ఈ పిల్లలకు అంతా తలకాయ మీదనే.

తెల్లారితే వైవా అట.
ఆ రాత్రి నాలుగో పేరు కాడ గొంతు ఆగింది,
చేయి చీటి కోసం పోలే.
అరకు నొసలు ఆనిచ్చి నిలవడ్డడు,
భుజాలు కదులుతున్నయి.
నేను మాపు పిండుకుంట ఊకెనే అన్న:
ట్రపీజియం.
నా నోట్లెకెల్లి ఎట్లొచ్చెనో.
ట్రపెజాయిడ్, కేపిటేట్, హేమేట్.
తోక దొరికినంక ఆగుడెట్ల?

తిరిగి చూసిండు.
నాకు సూపర్‌వైజర్ యాదికొచ్చిండు,
జీతం యాదికొచ్చింది.
ముక్కు తుడుచుకుంట నవ్విండు పోరడు.
నా కుడిచేతి రబ్బరు తొడుగు గుంజి
బొటనవేలు లేపమన్నడు,
దాని మొదట్ల గుంట పడ్డ కాడ ఒత్తిండు:
మొదటిది ఇదీ.

అమ్మా, అన్న.

పిల్లగాడు ఉలికిపడ్డడు.
"పడ్డవా ఎప్పుడన్న?" హిందీల అడిగిండు.
రెండేండ్ల కింద, పరంజ మీదికెల్లి,
అరచేయి ఆనిచ్చి పడ్డ.
మాపు పిండితే గుంజుతది, బామ్ రాసుకుంట, అంతే.
చేయి ఇడువలే.
ఎనిమిదింటినీ నా మణికట్టు మీద ముట్టుకుంట చెప్పిండు,
మెల్లగ, నడవకుంట.
ఐదోదాని కాడ ఆగనే ఆగలే.
మూడు వారాలు ఉత్త పేర్లే,
ఇప్పుడు ఒకదానికి నొప్పి దొరికింది.
"ఎక్స్‌రే తీయించు," అన్నడు.
ఆ గొంతు కొత్తది.
వానికే కొత్తగ వినబడ్డట్టుంది,
నా చేయి దిక్కే చూస్త ఊరుకున్నడు.

పాసయిండో లేదో నాకెవలు చెప్పలే.
నేనూ ఎక్స్‌రేకు పోలే,
ఒక పూట సెలవంటే రెండు పూటల పైసలు కోస్తరు.
ఇప్పుడు మాపు ఎడమ చేత్తోని పిండుతున్న.

కొత్త బ్యాచి దిగింది.
సన్నటి పిల్ల ఒకతి, స్వెట్టరు ఇంకా కొనుక్కున్నట్టు లేదు,
చేతులు చంకల వెట్టుకొని
అవే అరల నడుమ నడుస్తున్నది.
స్కేఫాయిడ్, ల్యూనేట్...
బకెట్టు చక్రాలు కిర్రుమంటయని
నేను ఆపుకొని నిలవడ్డ.
మూడోది వచ్చింది.
నాలుగోది వచ్చింది.