ఏది పైవైపు

చీనా అచ్చులొచ్చాయి, ఒకసారి రండి మీరా గారూ, అని కబురొస్తే
రిటైరైన ఆరేళ్ళకు మళ్ళీ
బందరు రోడ్డు మ్యూజియం మెట్లెక్కాను.
పొడుగాటి చెక్కపెట్టె. లోపల గొట్టం. గొట్టంలో
నిలువెత్తు నలుపు.

రాళ్ళనే అడవిలా నిలబెట్టుకున్న ఏదో దూరపు ఊరి నుంచి
పది రోజుల ప్రదర్శనకు అప్పుగా వచ్చిన కాగితం.
దానితో వచ్చిన చీటీ దారిలో ఎక్కడో తడిసి ముద్దయింది.
కొత్తగా చేరిన క్యూరేటరమ్మ ప్రత్యూష
చేతిలో మేకు పట్టుకుని
"పైవైపు ఏదండీ?" అంది,
గోడలక్కూడా వినపడకూడదన్నట్టు.

నాకు మాత్రం ఏం తెలుసు.
నాకు వచ్చినవి యాభై ఆరు,
అందులో బండి ఱ రాళ్ళ దగ్గరే పరిచయం.
మనవి జంతికలు. వీళ్ళవి కిటికీలు.
కొన్నింటి రెక్కలు తెరిచే ఉన్నాయి,
కొన్నింట్లో ఎవరో దీపం పట్టుకుని
లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

కళ్ళజోడు తీసేసి
కాగితానికి ముక్కు ఆనేంత దగ్గరగా వంగాను.

మా తాతలు దూదేకులవాళ్ళు.
గుంటూరులో మిల్లులు లేనప్పుడు
ఏకే విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగి
జనం పరుపుల్లో నిద్ర కూరారు.
నా వంతు వచ్చేసరికి గుప్పెడు దూది మిగిలింది.
దాన్ని పాత పంచెగుడ్డలో మూటగట్టి, సిరాలో అద్ది
రాజుల మాటల మీద ముప్పై నాలుగేళ్ళు తట్టాను.
తట్టడమే. రుద్దితే కాగితం చిరుగుతుంది.
మరీ సుతారంగా తడితే రాయి నోరు విప్పదు.

ఎండాకాలం మరీ నరకం.
మొగల్రాజపురం కొండ కింద
తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి గుంటల్లోకి దింపేలోపే
అప్పడంలా లేచిపోయేది.
వన్‌టౌన్‌లో ఒక పెరట్లో శాసనమే బట్టలుతికే బండ.
చంద్రకాంతమ్మ గారు బకెట్టుతో అడ్డం నిలబడి
"మరి మా దుప్పట్లెక్కడ ఉతుక్కోను నాయనా" అంది.
అప్పటికే బిరుదులన్నీ సబ్బునీళ్ళలో కలిశాయి.
పుట్టెడు నేల, రెండు గానుగలు, చివరి శాపం
మాత్రం మిగిలాయి.
అచ్చు తీసి చూపిస్తే
"ఇంతుందా దాన్లో" అని చాలాసేపు చూసింది.
మరుసటేడు అక్కడ మేడ లేచింది, బండ పునాదిలోకి దిగింది.
ఇప్పుడు ఆ రాయికి నా కాగితమే రాయి.

సరే, ఈ నలుపు సంగతి.
సిరా మా దానికంటే చిక్కన. ఆరి ఎన్నేళ్ళయిందో,
ఇంకా కాస్త మెరుస్తోంది.
ఒక అంచున మూట వేసిన గుండ్రాలు
చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి, తొందర లేకుండా.
నడుమ ఓ పగులు. అక్కడ ఆగాడు.
సిరా లోపలికి జారకుండా మూట పక్కకు వాల్చాడు.
అదెంత కష్టమో నా మణికట్టుకు తెలుసు.
అవతలి అంచుకొచ్చేసరికి నలుపు పలచబడింది,
గుండ్రాలు ఎడమెడమయ్యాయి.
నడుం పట్టేసిన చోటు అది.
ఆ మూలన, అక్షరాలకు బయట,
మసిబొటనవేలి ముద్ర ఒకటి.
లేవడానికి ఆసరా పట్టుకున్నాడు.

"ఇది కిందివైపమ్మా" అన్నాను.

ప్రత్యూష అలాగే వేలాడదీసింది.
మూడో రోజు, ఆ దేశంలో డాక్టరీ చదివొచ్చిన కుర్రాడొకడు
మెడ వెనక్కి వాల్చి కూడబలుక్కున్నాడు:
"నది... మూడు... మనిషి...
మిగతావి పాత రాతండీ, నాకు రాదు."
తలకిందులుందని మాత్రం అనలేదు.

ఏం రాసుందని నన్నెవరూ అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణి,
పొద్దున నిలబడి మొదలుపెట్టాడు,
పొద్దుగూకేసరికి కూర్చున్నాడు.