నిమ్మకాయకి తెలిసిన పని

సోలో నగరంలో, సురో నెలలో
నాన్న కత్తులు కడిగేవాడు.
వీధిలో వాళ్ళ క్రిస్‌లన్నీ మా వసారాలో బారులు తీరేవి,
ముత్తాతల తుప్పుతో సహా.
నిమ్మకాయలు కోసే పని నాది.
గోళ్ళ కింద మంట.
ఇప్పటికీ ఆ వాసనొస్తే చేతులు వెనక్కి లాక్కుంటాను.

రసంతో తోమి, విషం పూస్తే
ఇనుము నల్లబడేది.
అందులో దాగిన నికెలు మాత్రం
తెల్లగా మెలికలు తిరిగి పైకి తేలేది.
"చూడు వుర్యానీ, పులుపుకి అబద్ధం చెప్పలేదు లోహం."
ఆ మాట నాకు నచ్చేది కాదు.
లోహానికి నోరేదీ, చెప్పడానికి?

ఇప్పుడు నాకు నలభై రెండు.
అదే వసారాలో, ఓజెక్ స్కూటర్ల చచ్చిన బ్యాటరీలు
ఉప్పునీళ్ళలో మూడు రోజులు మునిగి ఉంటాయి,
చివరి ఊపిరి బుడగలుగా వదిలేదాకా.
తర్వాత విప్పుతాను. రేకు, పొర, మళ్ళీ రేకు.
గీకితే కాటుకలాంటి పొడి.

దీన్ని గంధకామ్లంలో ఉడికించేవాళ్ళున్నారు.
మా ప్రహరీకి అవతల పిల్లల బడి.
అందుకే నిమ్మ ఉప్పు తెచ్చుకున్నాను
జామ్ చేసేవాళ్ళ దగ్గర, కిలోల లెక్కన.

మొదటి వారం, ఎనభై డిగ్రీల వేడిలో,
గంట, రెండు గంటలు,
పొడి అడుగునే, అలిగిన పిల్లలా.
లిథియం ఒక్కటే కదిలొచ్చింది,
అది ఎవరు పిలిచినా వెళ్ళే రకం.

గుమ్మంలో నాన్న, చూపు ఆనదు,
వాసన పట్టి అడిగాడు:
"ఉత్త పులుపేనా? బెల్లం వెయ్యలేదూ?"

వంట అనుకున్నాడు పాపం.
నవ్వాను.
నవ్వు మధ్యలో ఆగిపోయింది.
తాటిబెల్లం అచ్చు తురిమి వేశాను.
నలుపు వదులైంది. సాయంత్రానికి
గిన్నెలో అడుగు కనిపించింది.

వడగట్టి, విడదీసి, ఇంకేదో కలిపి,
మూడో రోజుకి లేతపచ్చగా దిగింది నికెలు.
చెంచాడు. చెంచాడే.
కరెంటు బిల్లు కలిపితే ఈ నెల నష్టమే.

నాన్న వేలు చాచాడు. మణికట్టు పట్టుకుని ఆపాను,
ఒంటికి పడదని.
"ఎవరి కత్తిలోది?" అన్నాడు.

సులవేసి కొండది అని చెప్పాలి.
తవ్విన ఎర్రమట్టి సముద్రంలోకి జారి
వలలు ఎర్రబడ్డ బెస్తవాళ్ళ ఒడ్డుది.
"స్కూటరుది," అన్నాను.
"వెయ్యిసార్లు నిండి, వెయ్యిసార్లు ఖాళీ అయ్యింది."

"పేరు అడిగావా?"
అడగలేదు నాన్నా. కడిగాను, అంతే.

వదిలిన తన చేతిని అతను
చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు.